చక్రం తిరుగుతున్నప్పుడు ఫోన్ చేయను

అన్నా,

ఎలా ఉన్నావని అడగడానికి నోరు రావడం లేదు. అడగకుండా మొదలుపెడితే నీతో మాట్లాడినట్టు ఉండదు... అందుకే అడుగుతున్నాను. ఎలా ఉన్నావు? నువ్వు పోయి ఈ ఆదివారానికి పద్నాలుగు నెలలు.

ఇక్కడ మళ్లీ చలికాలం వచ్చింది. ఇన్వర్‌కార్గిల్ చలి సంగతి నీకు చెప్పేదేముంది? పొద్దున్నే యార్డుకు వెళ్లేసరికి ట్రక్కుల అద్దాలన్నీ తెల్లగా గడ్డకట్టి ఉంటాయి. డ్రైవర్లు ఇంజన్లు వేసి, అద్దాలు గీక్కుంటూ, చేతుల్లోకి ఊదుకుంటూ నిలబడతారు. తర్వాత ఒక్కో ట్రక్కే రోడ్డెక్కుతుంది. అప్పుడు మొదలవుతుంది నాకు భయం. నాలుగూ తిరిగొచ్చేదాకా అది వదలదు.

అవును, ఇప్పుడు నాలుగే. ఐదోది నీతోనే పోయింది.

నీకు భయమంటే ఏమిటో తెలుసా అన్నా? నేనెప్పుడూ అడగలేదు. నిజామాబాద్ నుంచి నాగపూర్‌కు లారీ నడిపిన రోజుల కథలు ఎన్నో చెప్పావు, అందులో భయపడిన కథ ఒక్కటీ లేదు. ముసలివాళ్లను చూసుకునే రెస్ట్ హోమ్‌లో వదినకు నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెంట ఈ దేశానికి వచ్చావు. ఇక్కడా స్టీరింగే పట్టుకున్నావు. ఆరేళ్లకు సొంత ట్రక్కు కొన్నావు. చదువుకోవడానికి వచ్చిన నన్ను, చదువు అయిపోగానే ఆఫీసులో కూర్చోబెట్టావు. నువ్వు రోడ్డు మీద, నేను ఫోన్ దగ్గర. ఏ బండి ఎక్కడికి పోవాలో, ఎన్ని గంటలకు చేరాలో చెప్పడం నా పని.

కొత్త డ్రైవర్ ఎవరొచ్చినా నువ్వు అడిగే మొదటి మాట నాకింకా వినిపిస్తుంది. "ముందు మీ ఇంట్ల ఎవరెవరున్నరో చెప్పు. లైసెన్సు తర్వాత చూస్త."

మన ఇంట్లో ఎవరెవరున్నారో ఆ రోజు నాకెందుకు గుర్తు రాలేదు?

నువ్వు పోయాక తొమ్మిది రోజులు యార్డు మూసేశాను. పదో రోజు వదిన వచ్చింది. డ్యూటీ బట్టలతోనే వచ్చింది, కళ్లు ఉబ్బి ఉన్నాయి. కూర్చోలేదు. "శీనూ, నడిపితే నడుపు, లేకుంటే అమ్మేయ్. నడుమల కూసోని ఏడ్వకు. ఆ నలుగురికి గూడ ఇండ్లున్నయ్" అన్నది. అంతే, వెళ్లిపోయింది. ఆమెకు సగం వాటా ఉంది కదా, ఆ మాట చెప్పే హక్కు ఉంది. హక్కు లేకపోయినా వినేవాణ్ణే.

నడపడానికే నిర్ణయించుకున్నాను. కానీ ఎలా నడిపానో చెబితే నువ్వు నవ్వుతావో, తిడతావో...

ప్రతి ట్రక్కులో కెమెరా పెట్టించాను. డ్రైవర్ కళ్లు మూతపడితే అది గట్టిగా కూస్తుంది. బండి ఎక్కడుందో చూపించే ట్రాకర్ కొత్తది పెట్టించాను. నా బల్ల మీద తెర, తెర మీద పటం, పటం మీద నాలుగు పచ్చ చుక్కలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాటినే చూస్తూ కూర్చునేవాణ్ణి. ఒక చుక్క కాస్త నెమ్మదిస్తే ఫోన్. వేగం పెరిగితే ఫోన్. మబ్బు పడితే ఫోన్. బాగానే ఉన్నావా, నిద్ర వస్తోందా, రోడ్డు మీద మంచుందా, ఎక్కడున్నావు... గంటకు రెండుసార్లు, ఒక్కోసారి నాలుగుసార్లు. భద్రత కోసమే అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను అన్నా.

ఒక రోజు మధ్యాహ్నం డ్రైవర్ మాల్కమ్ ఆఫీసులోకి వచ్చి బండి తాళం నా బల్ల మీద పెట్టాడు. నీకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడు, ఈ దేశంలోనే పుట్టి పెరిగినవాడు, ఒక్కసారీ గొంతు పెంచి మాట్లాడని ఆ ముసలి కివీ. ఆ రోజూ పెంచలేదు. వంతెన మీదికి ఎక్కుతుంటే నా ఫోన్ మోగిందట. కళ్లు ఫోన్ వైపు తిప్పాడట. తలెత్తేసరికి ఎదురుగా స్కూల్ బస్సు.

"నీ భయం ఏదో ఒక రోజు నన్ను చంపుతుంది, శ్రీనీ" అన్నాడు. "నన్నొక్కణ్ణే అయితే ఫరవాలేదు. ఆ బస్సులో పిల్లలున్నారు."

బస్సుకు ఏమీ కాలేదు. మాల్కమ్‌కూ ఏమీ కాలేదు. కానీ అతనికి తెలియనిది నాకు తెలుసు. నా ఫోన్ మనిషిని చంపడం అదే మొదటిసారి అయ్యేది కాదు.

ఇది నీకు తెలిసిందే. అయినా రాస్తున్నాను. పది నెలల పాటు ఎవరికీ చెప్పలేదు మరి.

ఆ మంగళవారం నువ్వు పొద్దున ఏడింటికి డనీడిన్ వెళ్లావు. అక్కడ ఆవుల దాణా ఎక్కించుకుని లమ్స్‌డెన్ అవతల ఒక ఫారానికి చేర్చాలి. లోడింగ్ ఆలస్యమైంది. పన్నెండున్నరకు నువ్వే ఫోన్ చేశావు. "తమ్మీ, ఐదున్నర గంటలైంది. కండ్లు మండుతున్నయ్. గోర్ ఊర్ల ఆగి ఒక అరగంట నడుం వాలుస్త" అన్నావు.

ఐదున్నర గంటలు పని చేస్తే అరగంట ఆగాలని ఇక్కడి రూలు. అది నాకు తెలియదా? తెలుసు. కానీ ఆ ఫారం మేనేజర్ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. పాలు పిండే టైముకు ముందే దాణా దించాలని, మనుషులు ఊరికే నిలబడి ఉన్నారని అరిచాడు. అందుకని నేనేమన్నాను? "అన్నా, దించినంక పండుకో. ఇంకెంత, దగ్గరకే వచ్చినవ్ గద."

నువ్వు ఒక్క క్షణం ఏమీ అనలేదు. ఆ క్షణం నాకు రోజూ వినిపిస్తుంది. తర్వాత "సరే" అన్నావు.

అక్కడితో ఊరుకున్నానా? మళ్లీ రెండుసార్లు చేశాను. ఆఖరిసారి నీ గొంతు బరువుగా ఉంది. "వస్తున్న తమ్మీ. ఇర్వై నిమిషాలు." అంతే.

పదకొండు నిమిషాల తర్వాత, తిన్నగా పోయే ఆ రోడ్డు చివర ఒకే ఒక్క వంపు దగ్గర, నీ బండి వంపు తిరగలేదు. బ్రేకు వేసిన గుర్తులు లేవని పోలీసులు చెప్పారు. నిద్ర పట్టి ఉండవచ్చు అని రాశారు. ఉండవచ్చు... ఆ ఒక్క మాట పట్టుకునే పది నెలలు బతికాను. ఫోన్ చేశావా అని నన్ను అడిగారు. చేశాను, ఎక్కడున్నాడో కనుక్కున్నాను అని చెప్పాను. అబద్ధం కాదు కదా? నువ్వు ఆగుతానన్న మాట మాత్రం చెప్పలేదు.

నువ్వు గోర్‌లో ఆగి ఉంటే... ఈ ఉత్తరం రాసే పని ఉండేదా?

మాల్కమ్ తాళం పెట్టి వెళ్లిన మర్నాడు వదిన దగ్గరికి వెళ్లాను. ఆమె సెలవు రోజు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. నీ బిడ్డ హర్షిత తన గదిలో ఉంది. ఎలా మొదలుపెట్టానో గుర్తు లేదు. చెప్పేశాను. వదిన గరిటె పట్టుకుని అలాగే విన్నది.

"ఆగుతా అన్నడా ఆయన?"

అన్నాడని చెప్పాను.

"నువ్వు వద్దన్నవ్."

అన్నానని చెప్పాను. ఆమె పొయ్యి కట్టేసింది. నా మొహం వైపు చూడలేదు. "ఇంటికి పో శీనూ" అన్నది.

మూడు వారాలు ఆమె నుంచి మాట లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. అంత భయం నాకు పోలీసులంటే కూడా లేదు అన్నా. నువ్వు లేవు, ఇక ఆ ఇల్లు కూడా నాకు లేదేమో అనుకున్నాను. హర్షితకు ఎంత చెప్పిందో, ఆ పిల్ల నన్ను ఇకమీద బాబాయ్ అని పిలుస్తుందో లేదో...

తర్వాత ఒక సోమవారం పొద్దున, ట్రక్కులు వెళ్లాక, వదిన కారు యార్డులో ఆగింది. చేతిలో ఒక లావుపాటి నోటుబుక్కు ఉంది.

"నిన్ను మాఫ్ చేస్తందుకు రాలె" అన్నది లోపలికి వస్తూనే. "అది నాతోని అయితదో కాదో నాకే తెల్వదు. ఇంకొకరి ఇంటికి పోలీసులు రావద్దని వచ్చిన. ముందు వాళ్లకు పోయి నిజం చెప్పు. తర్వాత ఈ బుక్కు సంగతి చూద్దం."

వెళ్లాను. స్టేషన్‌లో కూర్చుని మొత్తం మళ్లీ చెప్పాను. నిదానంగా రాసుకున్నారు, సంతకం పెట్టించుకున్నారు, మళ్లీ పిలుస్తామన్నారు. ఇంతవరకు పిలవలేదు. పిలిచిన రోజు ఏమవుతుందో తెలియదు. ఏ ఉత్తరం వచ్చినా కవరు చింపేముందు ఒకసారి కూర్చుంటాను.

ఇక ఆ బుక్కు. వదిన రెస్ట్ హోమ్‌లో ఒక పద్ధతి ఉందట. ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వబోయి ఆఖరి నిమిషంలో ఆగినా సరే, రాసి పెట్టాలి. ఎవరూ తిట్టరు. ఎందుకు అలా జరగబోయిందో అందరూ కూర్చుని చూస్తారు. మందుల డబ్బాలు ఒకేలా ఉన్నాయా, మనిషి అలసిపోయిందా, పక్కనుంచి ఎవరైనా పిలిచారా అని. రాసినవాళ్లను తిట్టిన రోజున ఇంకెవరూ రాయరు, అప్పుడు నిజంగా మనిషి పోతాడు అని చెప్పింది. మన దగ్గర అలాంటిది ఏముందని అడిగింది. కెమెరా ఉందన్నాను.

"కెమెరా కండ్లు మూసినంక చెప్తది శీనూ. కండ్లు మండుతున్నయని మనిషే చెప్పాలె. ఆయన చెప్పిండు."

బుక్కు అందుకున్నాను. ఇంకేం చేయను?

ఆ శుక్రవారం మాల్కమ్‌ను కూడా పిలిపించి, అందరినీ టీ గదిలో కూర్చోబెట్టాం. మొదటి పేజీ నువ్వే రాయాలి, నువ్వే చదవాలి అని వదిన నాతో ముందే చెప్పింది. రాశాను. చదివాను. ఇంగ్లిష్‌లో చదవడం ఒక విధంగా నయమైంది, ఎవరిదో సంగతి చదువుతున్నట్టు గొంతు నిలబడింది. నీ మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం తెలుగులోనే వచ్చింది. ఆగుతా అన్నడు, నేను వద్దన్న... ఆ గదిలో సగం మందికి తెలుగు రాదు. అయినా అందరికీ అర్థమైంది.

మాల్కమ్ టీ కప్పు పక్కన పెట్టాడు. తర్వాత బుక్కు తన వైపు లాక్కున్నాడు. స్కూల్ బస్సు సంగతి రాశాడు. అంతకుముందు ఎవరికీ చెప్పనివి ఇంకో రెండు రాశాడు. వెళ్తూ తన బండి తాళం తీసుకున్నాడు.

జోసెఫ్ ఆ రోజు ఏమీ రాయలేదు. గుంటూరు జోసెఫ్, నువ్వు చేర్చుకున్న ఆఖరి డ్రైవర్. భార్యా ఇద్దరు పిల్లలూ ఉన్నారని చెబితే వెంటనే రేపే వచ్చేయమన్నావు, గుర్తుందా? మర్నాడు అందరూ వెళ్లాక వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"శ్రీనుగారూ, నాదీ ఒకటుందండీ. మొన్న గోర్ ఊరు ఎప్పుడు దాటానో నాకు తెలీదండీ. దాటేశాక చూసుకున్నాను. మనుషులు దాటే చోట ఆగానో లేదో కూడా గుర్తులేదు. ఇది రెండోసారి. చెబితే బండి దిగిపొమ్మంటారని చెప్పలేదండీ."

వారం వారం నేనే కదా అతన్ని ఆ రోడ్డు మీదికి పంపింది? అతని కెమెరా ఒక్కసారీ కూయలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి మరి.

వదిన అతన్ని కూర్చోబెట్టి, గురక పెడతావా, పొద్దున లేవగానే తలనొప్పి ఉంటుందా అని ఆసుపత్రిలో అడిగినట్టే అడిగింది. డాక్టర్ దగ్గరికి పంపింది. నిద్రలో అతనికి ఊపిరి మాటిమాటికీ ఆగిపోతోందట. రాత్రంతా పడుకున్నా నిద్ర పోనట్టే. ఇప్పుడు ముక్కుకు మాస్కు, పక్కన చిన్న మిషను పెట్టుకుని పడుకుంటున్నాడు. డాక్టర్ ఒప్పుకునేదాకా ఏడు వారాలు యార్డులోనే పని చేశాడు. బండి మళ్లీ ఎక్కిన రోజున, పదేళ్ల తర్వాత నిద్ర ఎలా ఉంటుందో తెలిసిందండీ అన్నాడు.

అతను చెప్పకపోయి ఉంటే? నేను ముందు చెప్పకపోయి ఉంటే అతను చెప్పేవాడా?

ఇప్పుడు మన దగ్గర పద్ధతి మారింది. చక్రం తిరుగుతున్నప్పుడు ఆఫీసు నుంచి ఫోన్ పోదు. ఎవరి నుంచీ పోదు, నా నుంచి అసలు పోదు. డ్రైవర్ ఆగాలనుకుంటే ఆగుతాడు, ఎందుకని అదే రోజు ఎవరూ అడగరు. సరుకు చేరే టైము చెప్పేటప్పుడే విశ్రాంతి కలిపి చెబుతాం. నీ ఫారం మేనేజర్‌కు అది నచ్చలేదు. వేరే ట్రక్కుల వాళ్లను చూసుకుంటానన్నాడు, చూసుకున్నాడు. ఇంకొకరు కూడా వెళ్లిపోయారు. ఇంకెంతమంది వెళతారో అని అదొక భయం. కానీ ఆ భయంతో మనిషి చావడు.

బండి ఆగితే నలభై ఐదు నిమిషాల దాకా కూడా నేను ఫోన్ చేయకూడదు. అది వదిన పట్టుబట్టి పెట్టించిన రూలు. పడుకున్న మనిషిని లేపి, పడుకున్నావా అని అడిగితే ఏం లాభం అన్నది.

ఆ రూలు మీద నేను నిలబడగలనో లేదో పోయిన గురువారం తెలిసింది.

మధ్యాహ్నం ఒకటీ ఇరవైకి జోసెఫ్ చుక్క ఆగిపోయింది. గోర్ దాటి, లమ్స్‌డెన్ ఇంకా రాకముందు. నీ రోడ్డు మీద. నీ వంపుకు నాలుగు కిలోమీటర్లు ఇవతల. అక్కడ ఊరు లేదు, టీ కొట్టు లేదు. పొద్దున్నుంచి నీడ ఉన్నచోట మంచు కరగలేదని రేడియోలో చెబుతున్నారు.

బండి దేనికైనా గుద్దుకుంటే అలారం రావాలి. రాలేదు. పాడైపోయిందేమో? పటాన్ని పెద్దది చేసి చూశాను. చుక్క రోడ్డు మీద ఉందా, పక్కన ఉందా తెలియలేదు. పది నిమిషాలు. పదిహేను. నువ్వు పోయిన రోజున కూడా చుక్క ఇలాగే ఆగింది అన్నా. టైర్ పంచరేమో అనుకుని నేను ఆ రోజు కాఫీ కలుపుకున్నాను...

మాల్కమ్ బండి ఆ రోజు సర్వీసింగ్‌లో ఉంది, అతను యార్డులోనే ఉన్నాడు. లోపలికి వచ్చి తెర చూశాడు, నన్ను చూశాడు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఏమీ మాట్లాడకుండా నా ఫోన్‌ను తన వైపు జరుపుకున్నాడు. లాక్కోలేదు, జరుపుకున్నాడంతే. నేను చేయి చాపితే అందేంత దూరంలోనే ఉంది.

ఇరవై ఎనిమిది నిమిషాలు. జోసెఫ్ భార్యకు ఏమని చెప్పాలో నా బుర్రలో వాక్యాలు తయారవుతున్నాయి. ముప్పై ఐదు. కారు తీసుకుని బయలుదేరుదామా అనుకున్నాను. నలభై. నువ్వు ఎలా భరించేవాడివి అన్నా, వాళ్లందరూ రోడ్డు మీద ఉంటే?

నలభై ఒకటో నిమిషానికి ఫోన్ మోగింది. మాల్కమ్ దాన్ని నా వైపు తోశాడు.

"శ్రీనుగారూ, చిన్నదానికి జ్వరమండీ, రాత్రి సరిగా పడుకోలేదు. కళ్లు మూతపడతా ఉంటే పక్కకి ఆపి పడుకున్నాను. ఇప్పుడు బానే ఉంది. లేటవుద్దండీ."

"కానియ్ జోసెఫ్" అన్నాను. "లేటే కానియ్."

ఫోన్ పెట్టేశాక బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. మాల్కమ్ బయటికి వెళ్లి, పనేమీ లేకపోయినా యార్డులో అటూ ఇటూ తిరిగాడు.

ఇదంతా విని, ఇక తమ్ముడికి ధైర్యం వచ్చిందనుకోకు. రాలేదు. ఈ భయం పోదేమో. దాన్ని డ్రైవర్ల చెవిలో పెట్టకుండా నా దగ్గరే ఉంచుకోవడం కొంచెం కొంచెంగా నేర్చుకుంటున్నాను, అంతే.

ఒక సంగతి ఆఖరుకు దాచాను. హర్షితకు పదహారు నిండాయి. మొన్న లెర్నర్ లైసెన్స్ పరీక్ష పాసైంది. నిన్న సాయంత్రం తనే ఫోన్ చేసింది. ఎప్పటిలాగే ఇంగ్లిష్‌లో. "బాబాయ్, విల్ యూ సిట్ విత్ మీ?"

లైసెన్సున్న పెద్దవాళ్లు ఒకరు పక్కన కూర్చోందే నేర్చుకునేవాళ్లు బండి నడపకూడదు ఇక్కడ. నీ కూతురు స్టీరింగ్ పట్టుకోవడం, ఆ పక్క సీట్లో నేను... వదిన లేదా అని అడిగాను. బాబాయ్‌ను అడుగు అని అమ్మే చెప్పిందట.

అమ్మే చెప్పిందా అని రెండుసార్లు అడిగాను అన్నా. అవునన్నది. ఎందుకు చెప్పిందో వదినను నేను అడగలేదు. అడగను.

శనివారం పొద్దున పదింటికి ఒరేటి బీచ్‌కు వెళుతున్నాం. బండి నడిపేంత గట్టి ఇసుక, ఆ టైములో పెద్దగా ఎవరూ ఉండరు. నేను భయపడుతూనే కూర్చుంటాను. గొంతులోకి రానివ్వను. ఇది నీకు ఇస్తున్న మాట. హర్షిత టైము తనకు ఇస్తాను, తొందరపెట్టను. తను ఎక్కడ ఆగుతానన్నా ఆగనిస్తాను.

నీ తమ్ముడు,
శీను